స్కానర్ ఎవరి పేరు మీద ఉంది?

ఇవాళ ఆదివారం. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే కానుకల లెక్క. మందిరం వెనక గదిలో చాప పరిచి సంచులు బోర్లించాం. నలిగిన పది నోట్లు, మడత మీద మడత పెట్టిన ఇరవైలు, కృతజ్ఞతార్పణ కవర్లు. ఒకరు కవరు మీద ఉన్నది పైకి చదువుతారు, ఇంకొకరు పుస్తకంలో రాస్తారు, చివర ఇద్దరూ సంతకం పెడతారు. పాస్టర్ గారు మాత్రం ఆ గదిలోకి రారు, ఆయన ఈ సంఘానికి వచ్చిన కొత్తలో పెట్టిన పద్ధతే ఇది. ఒక కవరు మీద వంకర అక్షరాలతో "మనవడికి జ్వరం తగ్గినందుకు" అని ఉంది, లోపల యాభై రూపాయలు. ఎవరిచ్చారో తెలుసు. మిరపకోతకి వెళ్లి తెచ్చుకున్న కూలి డబ్బులోది అది. అలాంటి డబ్బు ముట్టుకునేటప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది, వెయ్యాలి కూడా.

తర్వాత సంఘం మీటింగ్‌లో డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు లేచి, "గుమ్మం దగ్గర స్కానర్ కొడితే సంఘం పేరు రావట్లేదండీ, సెక్రటరీ గారి పేరు వస్తోంది, ఎందుకని?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. అంతలోనే ముందు వరసలో పెద్దాయన లేచి, "దైవజనుల్నే లెక్కలడిగేంత వాడివయ్యావా? అభిషిక్తుణ్ణి ముట్టకూడదని తెలీదా?" అని గద్దించారు. అందరూ తలలు దించుకున్నారు.

పాస్టర్ గారు లేచారు. "అడగనివ్వండి అన్నా. బాబూ, నువ్వు అడిగింది న్యాయమే. సంఘం అకౌంట్‌కి స్కానర్ ఇంకా తీసుకోలేదు, అందాకా అని ఇది పెట్టాం, మీకు ముందే చెప్పాల్సింది మేము" అని, గుమ్మం దాకా నడిచి ఆయనే ఆ కాగితం గోటితో గీకి తీశారు. టేపు సగం గోడకే ఉండిపోయింది. ఇప్పటిదాకా దాంట్లో పడిన డబ్బుకి బ్యాంకు స్టేట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పెట్టమన్నారు, సెక్రటరీ గారు సరేనన్నారు.

ఆ "అభిషిక్తుణ్ణి (దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి) ముట్టకూడదు" అన్న మాట మాత్రం సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. మన సంఘాల్లో ప్రశ్న లేచిన ప్రతిచోటా దాన్నే అడ్డం పెడతారు. బైబిల్లో దావీదు ఆ మాట అన్నది తనని తరుముతున్న సౌలు రాజుని చంపే అవకాశం ఒక గుహలో చేతికి దొరికినప్పుడు కదా, చంపను అని. మరి ఊరుకున్నాడా? గుహలోంచి బయటికొచ్చి, సౌలు అంగీ నుంచి కోసిన చెంగు చేత్తో పట్టుకుని, మూడు వేల మందిని వెంటేసుకొచ్చిన రాజుని నన్నెందుకు తరుముతున్నావని అందరూ వినేలా నిలదీశాడు. ఆ దావీదే తర్వాత రాజై తప్పు చేస్తే నాతాను ప్రవక్త వచ్చి ముఖం మీదే చెప్పాడు, అప్పటికి దావీదు కూడా అభిషిక్తుడే. సమూయేలు ప్రవక్తైతే ముసలితనంలో జనం ముందు తానే నిలబడి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి అన్నాడు. ఎవరూ అడక్కముందే!

అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం గారి సంగతి కూడా గుర్తొచ్చింది. 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో ఆయనా, తోటివాళ్లూ కూర్చుని డబ్బు విషయంలో, స్త్రీల విషయంలో, వచ్చిన జనాన్ని ఎక్కువ చేసి చెప్పుకోవడంలో ఎలా ఉండాలో కట్టుబాట్లు పెట్టుకున్నారు. అయినా 1950లో అట్లాంటా సభల తర్వాత అక్కడి పేపరు కానుకల సంచుల ఫొటో, నవ్వుతూ చెయ్యి ఊపుతున్న ఆయన ఫొటో పక్కపక్కనే వేసింది. ఆయన దొంగతనమేమీ చెయ్యలేదు, అప్పట్లో సువార్తికులకి అలా కానుక ఇవ్వడం మామూలే. కానీ ఆ ఫొటోలు ఆయన్ని బాధపెట్టాయి, ఆ పద్ధతే మానేసి సంస్థ నుంచి జీతం తీసుకోవడం మొదలుపెట్టారు. నాపై అనుమానమా అని అలగలేదు చూడండి, అది నాకు ఆయన ప్రసంగాలన్నిటి కంటే ఎక్కువ.

పేరున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరియాస్ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా తిరగేసినట్టు. 2017లో ఒక స్త్రీ ఫిర్యాదు బయటికొస్తే ఆయన సంస్థ ఆయన పక్షానే నిలబడింది. ఆయన 2020లో చనిపోయారు, 2021 ఫిబ్రవరిలో ఆ సంస్థే వేయించిన విచారణ నివేదిక ఎంతోమంది స్త్రీల పట్ల ఆయన చేసిన లైంగిక దుష్ప్రవర్తనని బయటపెట్టింది. ఆయన మాటలతో విశ్వాసంలో నిలబడ్డ కుర్రాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు. "పరిచర్య పాడవుతుంది" అని నోరు మూయించినప్పుడు కాపాడుకున్నదేమిటి? ఆ స్త్రీలు కూడా మందలోని గొర్రెలే కదా, వాళ్ల మాట ఎవరు వినాలి?

పెద్దాయన చెడ్డవారు కాదు. పాస్టర్ గారంటే ప్రాణం, ఆ ప్రేమతోనే అరిచారు. కానీ అలాంటి ప్రేమ కాపరికే ప్రమాదం, నేను ఈ మాట రేపు వాళ్లింటికి వెళ్లి నెమ్మదిగా చెబుతాను. కుర్రాడు మీటింగ్ అయ్యాక జారుకోబోతుంటే పాస్టర్ గారు ఆపి వచ్చే వారం నుంచి లెక్క దగ్గర కూర్చోమన్నారు. వాడు ముందు నమ్మలేదు. సంఘం అకౌంట్‌కి స్కానర్ కావాలంటే బ్యాంకులో సంఘం రిజిస్ట్రేషన్ కాగితం, కమిటీ తీర్మానం కాపీ అడుగుతారట, రెండూ తీసి బ్యాగులో పెట్టాను.