పాప టీసీ కోసం నాకు చుక్కలు చూపించారు – ఆర్‌సీఎం బడిలో రెండో తరగతి చేరిక, నా అనుభవం

బళ్ళు తెరిచి వారం కూడా కాలేదు, నాకు కోపం ఇంకా తగ్గలేదు, చల్లారాక రాద్దాం అంటే సగం మర్చిపోతా, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. టౌన్‌లోంచి ఊరికి మారేవాళ్ళు, ప్రైవేటు స్కూల్లోంచి పిల్లల్ని తీసి ఎయిడెడ్ బడిలోనో (బడి మేనేజ్‌మెంట్‌ది, టీచర్ల జీతం గవర్నమెంట్‌ది) సర్కారు బడిలోనో వేద్దాం అనుకునేవాళ్ళు ఇది చదవండి, మీకు పనికొస్తుంది.

మా అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక ఒంటరిగా ఉంచలేక మేం టౌన్ ఖాళీ చేసి గుంటూరు దగ్గర మా ఊరికి వచ్చేశాం. మా ఆయన బండి మీద పనికి వెళ్ళొస్తారు. పాప ఒకటో తరగతి టౌన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చదివింది, పేరు చెప్పను. ఊళ్ళో గుడి, అంటే మా చర్చి, పక్కనే ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) ఎలిమెంటరీ స్కూల్ ఉంది. మా అమ్మ అక్కడే చదివింది, నేనూ అక్కడే అయిదు దాకా చదివా. మన గుంటూరు వైపు ఆడపిల్లల చదువంటే సిస్టర్స్‌ని తలుచుకోకుండా ఎలా, జేఎంజే (జీసస్ మేరీ జోసఫ్) సభ సిస్టర్స్ 1904లో గుంటూరు వచ్చారు, అప్పటికి మన ఊళ్ళల్లో ఆడపిల్లని బడికి పంపే ఇల్లు ఎక్కడుంది చెప్పండి. మా బడి చాలా చిన్నది. నాలుగు గదులు, వరండా, వేపచెట్టు, బోరింగు, అంతే. క్యాథలిక్కుల పిల్లలే కాదు, అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు, ముస్లింల పిల్లలు కూడా ఉన్నారు. మన క్యాథలిక్ పిల్లలకి సత్యోపదేశం (మత పాఠం) చెప్పే టైంలో మిగతావాళ్ళకి నీతిబోధ చెప్తారు, ఏనాడూ గొడవ లేదు.

2021లో ఎయిడెడ్ బడుల్ని గవర్నమెంట్‌కి అప్పజెప్పమన్నప్పుడు చాలాచోట్ల టీచర్లని తీసేసుకున్నారు, బళ్ళు కళ తప్పాయి. మా విచారణ (చర్చి పరిధి) ఫాదర్‌గారూ సిస్టర్సూ మాత్రం ఇవ్వం అని నిలబడ్డారు. నిలబడ్డారు కాబట్టే ఇవాళ మా పాపకి ఊళ్ళో బడి ఉంది. కానీ రిటైరైన పోస్టులు నింపరు కదా, ఇప్పుడు ఎయిడెడ్ జీతం ఒక్క హెడ్మిస్ట్రెస్ సిస్టర్‌గారికే, మిగతా టీచర్లకి మేనేజ్‌మెంటే ఇచ్చుకుంటోంది, ఆ జీతాలు చెప్తే మీరు నమ్మరు.

సరే అసలు విషయానికి వస్తా. ఆధార్‌లో అడ్రస్ మార్చటం, అయిదేళ్ళు నిండాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్, రెండూ ఒకే పూటలో అయిపోయాయి. గ్రామ సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (ఏ ఇంట్లో ఎవరున్నారనే రికార్డు) మార్చటానికి భయపడ్డా గానీ డిజిటల్ అసిస్టెంట్ అబ్బాయి కూర్చోబెట్టి చేసేశాడు, మంచి అబ్బాయి. బ్యాంకులో నా అకౌంట్‌కి ఎన్‌పీసీఐ లింక్ (పథకాల డబ్బు పడటానికి ఆధార్ జోడింపు) ఉందో లేదో చూపించుకున్నా. జ్ఞానస్నానం సర్టిఫికెట్ అడుగుతారేమోనని వెతికి పెట్టుకుంటే సిస్టర్‌గారు "అది మాకెందుకమ్మా, పాపని తీసుకురా చాలు" అన్నారు.

ఒక్క టీసీ మాత్రం నా ప్రాణం తీసింది.

ఏప్రిల్ 23న లాస్ట్ వర్కింగ్ డే, ఆ రోజే వెళ్ళి టీసీ అడిగా. ఫీజు మొత్తం కట్టేశా, రశీదులు అన్నీ ఫైల్లో పెట్టుకుని మరీ వెళ్ళా. రిసెప్షన్లో అమ్మాయి "సార్ లేరు, జూన్‌లో రండి" అంది. జూన్ మొదట్లో వెళ్తే అక్కడ అడ్మిషన్ల హడావుడి, సోఫాల నిండా కొత్త పేరెంట్స్, వాళ్ళకి మాత్రం కూల్ డ్రింకులు. నన్ను మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోమన్నారు. పొద్దున వెళ్ళినదాన్ని మధ్యాహ్నం దాకా కూర్చున్నా. పాప ఆకలని ఏడుస్తుంటే బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి పెట్టా. పోయినేడు ఇదే పాప ఫోటో ఫ్లెక్సీలో వేసుకున్నారు, రైమ్స్‌లో ఫస్ట్ వచ్చిందని.

చివరికి కరస్పాండెంట్ పిలిచాడు. లోపల ఇంకో ఇద్దరు పేరెంట్స్ కూర్చుని ఉన్నారు, వాళ్ళ ముందే మొదలుపెట్టాడు. "ఎక్కడ వేస్తున్నారమ్మా?" ఆర్‌సీఎం బడి అండి అన్నా. "ఆ మిషన్ బడా? గంజి తాగే బడిలో వెయ్యటానికి ఇంగ్లీష్ మీడియం మాన్పిస్తున్నారా? ఫీజు కట్టలేకపోతే చెప్పండి, ఏదో తగ్గిద్దాం, పిల్ల లైఫ్ ఎందుకు పాడుచేస్తారు" అన్నాడు. పక్కనున్నావిడ నావంక పైనుంచి కింద దాకా చూసింది. నేను బీకాం చదివా, పెళ్ళికి ముందు ఆడిటర్ గారి ఆఫీసులో మూడేళ్ళు అకౌంట్స్ రాశా, ఒక్క రూపాయి తేడా రానిచ్చేదాన్ని కాదు. నన్ను ఫీజు కట్టలేనిదానివి అంటాడా! అక్షరాలు నేర్పిన బడిని గంజి బడి అంటాడా! మా అమ్మమ్మ కూలికి పోతూ మా అమ్మని ఆ బడికి పంపింది, ఆ బడి లేకపోతే మా అమ్మ అంగన్‌వాడీ టీచర్ అయ్యేదే కాదు. పాప ముందు గొంతు పెంచకూడదని ఊరుకున్నా, రశీదులన్నీ టేబుల్ మీద పరిచి "బాకీ ఎంతుందో చూపించండి సార్" అని మాత్రం అన్నా.

బాకీ లేదు కదా, ఇంకోటి తీశాడు. వచ్చే ఏడాది పుస్తకాలకి ఇండెంట్ పెట్టేశాం, ఆ డబ్బు కట్టాలి అన్నాడు. నేను అడిగానా, సంతకం పెట్టానా? "తల్లికి వందనం పడుతుందిగా, పడగానే కట్టేసి టీసీ పట్టుకెళ్ళండి, ఇప్పుడు స్కూలు మారిస్తే ఆ డబ్బులు కూడా పోతాయి" అన్నాడు. అది పచ్చి అబద్ధం. పోయినేడాది హాజరు చూసి తల్లి అకౌంట్లో వేసే డబ్బు అది, స్కూలు మారితే ఎందుకు పోతుంది? నాకు 13,000 పడ్డాయి, 15,000లో మిగతా 2,000 బళ్ళ నిర్వహణకి ఆపుకుంటారు, అది అందరికీ అంతే. ఈ బెదిరింపు ఇంకా ఎంతమంది తల్లుల్ని చేస్తున్నారో, దయచేసి భయపడకండి.

పేపర్ టీసీ లేకపోయినా సిస్టర్‌గారు పిల్లని కూర్చోబెట్టుకుంటారు, అది సమస్య కాదు. అసలు ముడి ఆన్‌లైన్లో ఉంది, ఇది నాకు సిస్టర్‌గారు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించారు. ప్రతి పిల్లకీ యూడైస్‌లో, అంటే బళ్ళన్నిటి వివరాలుండే కేంద్రం పోర్టల్లో, పెన్ అని ఒక శాశ్వత నంబర్ ఉంటుంది. పాత స్కూలు వాళ్ళు వాళ్ళ లాగిన్‌లోంచి పిల్లని డ్రాప్ బాక్స్‌లో (బడి వదిలినవాళ్ళ లిస్టులో) వేస్తేనే కొత్త బడివాళ్ళు తీసుకోగలరు. వెయ్యకపోతే పిల్ల ఇక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నా లెక్క ప్రకారం అక్కడే ఉన్నట్టు. ఇక్కడ రోల్లో లేకపోతే గవర్నమెంట్ పిల్లలకిచ్చే విద్యార్థి మిత్ర కిట్టు లెక్కలోకి రాదు, మధ్యాహ్న భోజనం లెక్కలోకి రాదు, అన్నిటికంటే బడి స్ట్రెంగ్త్‌లోకి రాదు. మాలాంటి చిన్న బడికి ఒక్కో పిల్లా ముఖ్యమే, స్ట్రెంగ్త్ తగ్గితే బడే ఉండదు. ఆ ప్రైవేటు వాళ్ళకీ ఈ సంగతి బాగా తెలుసు, అందుకే పట్టుకు కూర్చుంటారు, వాళ్ళకి వాళ్ళ స్ట్రెంగ్త్ కావాలి కదా.

తర్వాత ఆ స్కూలున్న మండలం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకి వెళ్ళా. ఇప్పుడు మండలానికి ఇద్దరు ఎంఈఓలు, ఒకటి రెండు అని. ఎంఈఓ-1 గారు మీటింగ్‌కి వెళ్ళారు, ఎంఈఓ-2 గారు ఇది నా సబ్జెక్టు కాదు అన్నారు. అక్కడ ఒకాయన తల ఎత్తకుండానే "ప్రైవేటు వాళ్ళతో మీరే మాట్లాడుకోండమ్మా, మేమేం చేస్తాం" అన్నాడు. మీరేం చేయకపోతే ఆ బోర్డు ఎందుకు, ఆ కుర్చీ ఎందుకు? విద్యాహక్కు చట్టం 2009 అయిదో సెక్షన్ ఫోన్లో తీసి చూపించా. టీసీ ఇవ్వటంలో ఆలస్యం చేసే హెడ్ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. "చట్టాలు మాకు చెప్తారా" అని నవ్వాడు. చెప్పాల్సి వచ్చింది మరి. ఆ నవ్వు మాత్రం నేను మర్చిపోను.

ఇంటికొచ్చి ఆ రాత్రి ఏడ్చా. మా ఆయన "పోనీ ఆ పుస్తకాల డబ్బు మొహాన కొట్టేద్దాం, పని అయిపోతుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనం కడితే రేపు ఇంకో తల్లి దగ్గర వసూలు చేస్తాడు, అప్పుడు ఆవిడ దగ్గర డబ్బు లేకపోతే ఆ పిల్ల చదువు ఏమవుతుంది.

సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, పీజీఆర్‌ఎస్ అంటారు. అక్కడికి వెళ్ళా. అర్జీ నేనే రాశా, తెలుగులో, ఒక్క పేజీ. పాప పేరు, పెన్ నంబర్, ఏ తేదీన టీసీ అడిగాను, ఏం డబ్బు అడుగుతున్నారు, ఇంతే. ఏడుపులూ తిట్లూ రాయలేదు. ఫీజు రశీదుల జిరాక్సులు వెనక పిన్ చేశా. లైన్ పెద్దదే గానీ కుర్చీలు వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. లోపల ఒక మేడం అర్జీ మొత్తం చదివి, పక్కనే ఉన్న విద్యాశాఖ ఆయన్ని పిలిచి "ఇది ఈ వారంలో అయిపోవాలి" అన్నారు. నాకు నంబరుతో రశీదు ఇచ్చారు, ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

ఆ తర్వాత చూడాలి స్పీడు! నా వంక తల ఎత్తని ఆఫీసులోంచే నాకు ఫోన్, "అమ్మా మీరు ఆఫీసుకి రావక్కర్లేదు, మేం మాట్లాడుతున్నాం" అని. ఆన్‌లైన్ రికార్డులు చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్ గారు మా సిస్టర్‌గారికి ఫోన్ చేసి రిలీజ్ రిక్వెస్ట్ పెట్టమన్నారు, పెట్టారు, పాత స్కూలు వాళ్ళు వదిలేశారు. టీసీ కోసం నేను ఒక్కదాన్నే వెళ్ళా, పాపని తీసుకెళ్ళలేదు, ఇంకోసారి అలాంటి మాటలు దాని చెవిన పడకూడదని. కరస్పాండెంట్ బయటికి రాలేదు, రిసెప్షన్ అమ్మాయే కవరు చేతిలో పెట్టింది. అక్కడే నిలబడి పేరు, పుట్టిన తేదీ, పెన్ నంబరు, కండక్ట్ కాలమ్ అన్నీ చూసుకున్నాకే కదిలా. పుస్తకాల డబ్బు ఒక్క రూపాయి కట్టలేదు. ఇది నేను గట్టిగానే చెప్పుకుంటా, మా వీధిలో ఇద్దరు తల్లులు నా అర్జీ ఫోటో తీసుకెళ్ళారు, ఒకావిడకి టీసీ కూడా వచ్చేసింది.

జూన్ 12న బడి తెరిచారు. ముందు ప్రార్థన, పరలోక జపం, తర్వాత జాతీయ గీతం. ఆ మర్నాడు పునీత అంతోనివారి పండుగ, పొద్దున దివ్యపూజ అయ్యాక ఫాదర్‌గారు పిల్లలందరికీ రొట్టెలు పంచారు, ముస్లింల పిల్లలు కూడా వరసలో నిలబడి తీసుకున్నారు. మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం ఇస్తున్నారు, గుడ్డు పెడుతున్నారు, ఆ గంజి బడి అన్న పెద్దమనిషి వచ్చి ఒక ముద్ద తిని చూడాలి. పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మా పాప ఇంగ్లీషు పేజీ గడగడా చదివేసి తెలుగు పేజీ దగ్గర ఆగిపోయింది, ఒత్తులు రావట్లేదు. అంత ఫీజు తీసుకున్న స్కూలు ఏడాదంతా దానికి తెలుగు ఒత్తులు నేర్పలేదు. సిస్టర్‌గారు పక్కన కూర్చోబెట్టుకుని "అమ్మ" దగ్గర వేలు పెట్టి, మ కింద మ ఒత్తు పలక మీద దిద్దించారు. మొన్న సాయంత్రం అది ఇంటికొచ్చి అమ్మమ్మ మోకాలి మీద వేలితో రాసి చూపించింది.

టీసీ కోసం వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. నోటితో అడగొద్దు, కాగితం మీద రాసివ్వండి, రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి, వేయకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి. పెన్ నంబరు ముందే ప్రోగ్రెస్ రిపోర్టు మీదో ఆఫీసులోనో రాసి పెట్టుకోండి, గొడవయ్యాక చెప్పరు. ఎంఈఓ ఆఫీసులో టైం వేస్ట్ చేసుకోకండి, నేరుగా సోమవారం అర్జీ పెట్టండి, వెళ్ళలేనివాళ్ళు 1100కి ఫోన్ చేయొచ్చు. మంచి ఎంఈఓలు కూడా ఉంటారు అంటారు, ఉండొచ్చు, నాకు తగల్లేదు. పిల్లల్ని మాత్రం వెంట తీసుకెళ్ళకండి.

ఇంక మిగిలింది అపార్ ఐడీ, అంటే దేశమంతటా చెల్లే విద్యార్థి గుర్తింపు నంబరు. సమ్మతి ఫారం మీద సంతకం పెట్టిచ్చా. ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ ఒకేలా ఉండాలట, పాత స్కూలు వాళ్ళు ఇంటిపేరు వెనక వేశారు, ఆధార్‌లో ముందుంది. సిస్టర్‌గారు ఇద్దరం కూర్చుని సరిచేద్దాం రమ్మన్నారు, శనివారం వెళ్తున్నా.