మలుపుకు ముందే తేలవలసిన వరుస

గురుద్వారా వైపు నుంచి మద్దిలపాలెం కూడలికి వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు కుడికి తిరగవలసినవారు ఎడమ అంచున నిలబడి, పచ్చదీపం వెలగగానే నేరుగా వెళ్లే వాహనాలన్నిటికీ అడ్డంగా దూసుకుపోవడం విశాఖలో చూడనివారుండరు. మన దేశంలో ఎడమవైపున నడుస్తాం కనుక ఎడమకు తిరిగేవారు ఎడమ అంచును, కుడికి తిరిగేవారు రోడ్డు మధ్యభాగాన్ని ముందే చేరుకోవాలి. ఇండికేటర్ వేసి, అద్దంలో వెనక చూసుకున్నాకే వరుస మారాలి. తెల్లగీత తెగకుండా ఉన్నచోట, అంటే సాధారణంగా స్టాప్ లైన్‌కు కాస్త ముందు నుంచి, ఇక వరుస మారరాదు. దారి తప్పిందని అక్కడ తెలిస్తే, బాణం గుర్తు చూపిన వైపే సాగి, తరువాతి కూడలిలో సర్దుకోవడం మేలు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎడమకు తిరిగే ఆర్టీసీ బస్సు. మలుపులో పొడవైన బండి వెనక చక్రాలు ముందు చక్రాలకంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే డ్రైవరు మొదట కొంచెం కుడికి జరుగుతాడు. అప్పుడు ఎడమన కనిపించే ఖాళీ, స్కూటరు వారికి ఆహ్వానంలా తోస్తుంది కానీ, బస్సు తిరిగేకొద్దీ అది మూసుకుపోతుంది.

కుడికి తిరిగేవారు ఎదురుగా నేరుగా వచ్చేవారికి దారి ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 177ఎ సెక్షన్ ప్రకారం డ్రైవింగ్ నిబంధనలను ఉల్లంఘిస్తే 500 నుంచి 1,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది.