పట్టాలు దిగలేని కథానాయకుడు

గత నెలలో మూడు రోజులు ముసురు పట్టినప్పుడు, ఆరేళ్ల మా చెల్లెలి కూతురు పర్లాకిమిడిలోని మా ఇంట్లో ఒకే సినిమాను నాలుగుసార్లు చూసింది. అది 2009లో వచ్చిన ‘హీరో ఆఫ్ ది రెయిల్స్’ అనే మాట్లాడే రైలింజన్ల సినిమా. ఆ పిల్లకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు అంతంత మాత్రం. అందువల్ల పక్కన కూర్చుని ప్రతి మాటనూ తెలుగులో చెప్పే పని నా మీద పడింది. మొదటిసారి నేను కథను మాత్రమే విన్నాను. నాలుగోసారికి కథ వెనుక తిరిగే మరలు ఒక్కొక్కటిగా కనబడసాగాయి.

కథ చిన్నదే. థామస్ అనే నీలిరంగు చిన్న ఇంజను, స్పెన్సర్ అనే వెండిరంగు పెద్ద ఇంజనుతో బలపరీక్షకు దిగుతుంది. మధ్యలో బ్రేకులు తెగి, వాడుకలో లేని ఒక పాత దారిలోకి దూసుకుపోయి ఆగుతుంది. అక్కడ పొదల మాటున తుప్పు పట్టిన ఒక ముసలి ఇంజను ఉంటుంది. జపాను నుంచి వచ్చిన దాని పేరు హిరో. ఒకప్పుడు ‘రైలుమార్గపు దొర’ అనిపించుకున్నదే ఇప్పుడు తనను తుక్కు కింద కొట్టేస్తారేమోనని వణుకుతూ ఉంటుంది. థామస్ ఆ రహస్యాన్ని దాచి, స్నేహితుల సాయంతో విడిభాగాలు చేరవేసి దాన్ని బాగు చేయించే ప్రయత్నమే తక్కిన సినిమా. “ముసలి బండి పేరు హీరోనా? మరి నీలం బండేటి?” అని మా పిల్ల మొదటిసారే అడిగింది. తెలుగు సినిమాలు చూసి పెరిగిన పిల్లకు, హీరో అనే మాట కదలలేక మూలన పడి ఉన్నవాడికి చెల్లడం వింతగా తోచింది. సినిమా పేరులోని శ్లేష కూడా సరిగ్గా అదే.

నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ తెగిన బ్రేకు. జంతువుల కథల్లో నక్క తనకు తోచిన దారిన పోతుంది, కాకి ఏ చెట్టు మీదనైనా వాలుతుంది. రైలింజనుకు ఆ వీలు లేదు. అది ఎటు తిరగాలో పాయింట్లు, అంటే బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే కదిలే పట్టాలు, నిర్ణయిస్తాయి, ఆ పాయింట్లను మార్చేది వేరొకరు. తనంత తానుగా దారి ఎంచుకోలేని పాత్రను కథానాయకుడిగా పెట్టుకున్న రచయితకు మిగిలే స్వేచ్ఛ చాలా తక్కువ: కథానాయకుడు కదలవచ్చు, ఆగవచ్చు, తొందరపడవచ్చు, నిజం చెప్పవచ్చు, దాచవచ్చు. కొత్త చోటికి చేరాలంటే మాత్రం ఏదో ఒకటి చెడిపోవాలి. అందుకే ఈ తరహా కథల్లో బ్రేకులు పనిచేయకపోవడం, పాయింట్లు తప్పుగా మారడం, మరిచిపోయిన లూప్ లైను (పక్క పట్టాల దారి) ఒకటి బయటపడడం పదే పదే జరుగుతాయి. ఇది రచయిత చేతకానితనమని నేను అనను. పైగా ఈ సినిమాలో బ్రేకు ఊరికే తెగలేదు. గొప్పలకు పోయి మోయలేని బరువు లాగినందుకు తెగింది. తప్పు కొంత థామస్‌ది, అదృష్టం కొంత కథది. ఆ పాళ్లు సరిగ్గా కుదిరాయి కనుకనే పిల్లలకు అది అబద్ధంగా అనిపించదు.

ఇంజన్లు మాట్లాడడం మా వైపు కొత్త సంగతి కాదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో, ఇక్కడి రాజావారి పూనికతో, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు మొదలైంది. 1931లో అది గుణుపురం దాకా వెళ్లింది. మొత్తం 90 కిలోమీటర్ల దారి. టెక్కలి, పాతపట్నం ఆంధ్రలోనూ, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఒడిశాలోనూ ఉన్నా, బండికి ఆ తేడా ఏనాడూ పట్టలేదు. మా అమ్మ పుట్టిల్లు టెక్కలి. చిన్నప్పుడు ఆ బండిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, మా అమ్మమ్మ ఇంజను చప్పుడుకు మాటలు కట్టి వినిపించేది. ఎగువకు పోతున్నప్పుడు “మొయ్యనేను... మొయ్యనేను...” అని రొప్పేది, దిగువకు రాగానే “వచ్చీసినాం వచ్చీసినాం వచ్చీసినాం” అని గెంతేది. అమ్మమ్మకు చదువు రాదు, సినిమాలు తెలియవు. అయినా చిన్న ఇంజను పెద్ద బరువును లాగడంలో ఒక కథ ఉందని ఆమె చెవి పట్టేసింది. ప్రపంచంలో రైలింజన్లకు నోరు పెట్టిన ప్రతివారూ మొదట ఆ ఎగువ దగ్గరే పెట్టి ఉంటారని నా ఊహ.

2004లో ఆ చిన్న రైలును ఆపివేసి పట్టాలు పీకారు. పెద్ద లైను వేయడం పూర్తయి, 2011 నాటికి గుణుపురం దాకా మళ్లీ బండ్లు నడిచాయి. పెద్ద లైను కావాలని అడిగినవాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు కనుక నేను కన్నీరు కార్చను. కానీ తుక్కు భయం గురించి హిరో మాట్లాడే సన్నివేశాన్ని తెలుగులో చెప్పబోయినప్పుడు నా గొంతు కొంత తడబడిన మాట నిజం.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సినిమా ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ ఇంజన్లకు మూలమైన కథలను ఇంగ్లండుకు చెందిన ఆడ్రీ అనే క్రైస్తవ మతాచార్యుడు, జబ్బుపడి మంచం పట్టిన తన కొడుకుకు చెప్పడంతో మొదలుపెట్టాడు. మొదటి పుస్తకం 1945లో వచ్చింది. ఆ కథలు సాగుతుండగానే బ్రిటన్‌లో డీజిల్ ఇంజన్లు వచ్చి, 1968లో ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజన్లు ఆగిపోయాయి. కథలోని ఇంజన్లకు తుక్కు అంటే చావు. పనికివచ్చే ఇంజను బతుకుతుంది, పనికిరానిది కొలిమికి పోతుంది. ‘నిజంగా పనికొచ్చే ఇంజను’ అనిపించుకోవడమే అక్కడ పెద్ద బిరుదు. ఈ ఒక్క విషయంలో నాకు ఆ కథలతో పేచీ ఉంది. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లోని మిత్రలాభంలో, వలలో చిక్కిన పావురాల కట్లను హిరణ్యకుడనే ఎలుక కొరికి విడిపిస్తుంది, ముందు తన వారి కట్లు కొరకమని పావురాల రాజు చిత్రగ్రీవుడు కోరుతాడు. అక్కడ కూడా చిన్నవాడే పెద్ద పని చేస్తాడు. కానీ హిరణ్యకుడు ఆ పని చేయకపోతే అతణ్ణి కలుగులోంచి గెంటేస్తారన్న బెదిరింపు కథలో లేదు. స్నేహం కోసం పని చేయడం వేరు, బతకనిస్తారని పని చేయడం వేరు. ఈ సినిమా మొదటిదాన్నే చూపుతుంది, కానీ రెండోదాని నీడ దాని మీద నుంచి ఎక్కడా తొలగదు.

రహస్యం సంగతి చెప్పుకోవాలి. థామస్ హిరోను దాచడం కోసం తన పనులు మానేస్తాడు, ఆ బరువు పాపం పెర్సీ అనే మరో చిన్న ఇంజను మీద పడుతుంది. తీరా చివర ఆ రైలుమార్గాన్ని నడిపే అధికారికి నిజం చెప్పాక ఆయన కోప్పడడు సరికదా, హిరోను బాగు చేయించమని తానే పురమాయిస్తాడు. “ముందే సెప్పీస్తే అయిపోను గదా పెద్దమ్మా” అంది మా పిల్ల రెండోసారి చూసినప్పుడు. నిజమే, అయిపోను, సినిమా కూడా పది నిమిషాల్లో అయిపోను. ఒక్క మాటతో తీరే చిక్కును గంటసేపు సాగదీయడం పెద్దల సీరియళ్లలో నాకు ఒళ్లుమంట తెప్పిస్తుంది. ఇక్కడ మాత్రం సహించగలిగాను, ఎందుకంటే పెద్దవాళ్లు కోప్పడతారో లేదో తేల్చుకోలేక విషయాన్ని దాచుకోవడం పిల్లల బతుకులో రోజూ ఉండేదే. గొప్పలు పోయిన స్పెన్సర్ బురదలో కూరుకుపోవడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అన్ని దేశాల కథల్లోనూ డాంబికుడికి బురద సిద్ధంగానే ఉంటుంది, పిల్లలు ప్రతిసారీ నవ్వుతారు.

నాకు అసలు కష్టం తెలుగులో చెప్పడంలో వచ్చింది. ఇంగ్లీషులో అందరూ అందరినీ ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో నోరు తెరిచే ముందే ఎవరు పెద్ద, ఎవరు చిన్న తేల్చుకోవాలి. స్పెన్సర్ చేత థామస్‌ను “ఒరే” అనిపించాను, అది వెంటనే అతికింది. థామస్ చేత హిరోను “మీరు” అనిపిస్తే, వాళ్ల స్నేహం కాస్తా గురుశిష్యుల వ్యవహారంగా మారిపోయింది. చివరకు “తాతా” అనిపించాను; తాత అన్నాక “నువ్వు” అన్నా మన్ననకు లోటు రాదు. గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా పనిచేసి సవర భాష నేర్చుకున్న ఊళ్లో కూర్చుని ఇంజన్ల చేత గ్రాంథికం పలికించే సాహసం నాకు లేదు.

క్రియాపదాల దగ్గర మరో ముడి పడింది. తెలుగులో రైలు ‘వచ్చింది’. దానికి ముఖం పెట్టి ప్రాణం పోయగానే ‘వచ్చాడు’ అంటాం. ఆ ఒక్క ప్రత్యయంతో ఇనుము మనిషవుతుంది. నేను పైన కథ చెబుతూ థామస్‌ను మొదట ‘అది’ అని, తర్వాత ‘అతడు’ అన్నట్టు రాయడం మీరు గమనించే ఉంటారు, సరిదిద్దకుండా ఉంచేశాను. మరి ఎమిలీ అనే ఆడ ఇంజను మాటేమిటి? ఆమె కూడా ‘వచ్చింది’, ప్రాణంలేని గూడ్సు బండీ ‘వచ్చింది’. మగ ఇంజనుకు ప్రాణం వచ్చినప్పుడు భాష చాటింపు వేస్తుంది. ఆడ ఇంజనుకు ప్రాణం వచ్చినా భాషలో చీమ చిటుక్కుమనదు. ఇన్నేళ్లుగా తెలుగు రాస్తూ దీన్ని నేను గమనించింది ఒక ఇంజను పుణ్యమా అని.

వాన వెలిసిన మర్నాడు పిల్లను పర్లాకిమిడి స్టేషనుకు తీసుకువెళ్లాను. గుణుపురం వైపు నుంచి బండి మలుపు తిరగగానే “వచ్చీశాడు, వచ్చీశాడు!” అని అరిచింది. పక్కన మూటతో కూర్చున్న పెద్దావిడ నవ్వి, “వచ్చింది అనాల తల్లీ” అంది. పిల్ల సమాధానం చెప్పలేదు. బండి దగ్గరికి వచ్చి ఆగేవరకు దాని ముందుభాగం కేసి, అద్దాల కేసి, దీపాల కేసి తేరిపార చూసింది. తరువాత ఆవిడ వైపు తిరిగి, ఒప్పుకోక తప్పదన్నట్టు, “మొకం నేదు. అయితే వచ్చింది” అంది.