పువ్వు వెనక రాజు

దోహాలో మా గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. కవిటి నుంచి నేను, సోంపేట నుంచి ఒకతను, మిగిలిన ఆరుగురూ నేపాలీలు. నేను పైపు ఫిట్టర్‌ని. నా పై మంచం నేపాల్‌లోని చిత్వన్ నుంచి వచ్చిన వెల్డర్‌ది. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఆయన్ని ‘దాయి’ అనేవాణ్ని, వాళ్ల భాషలో అన్న అని. ఆయన నన్ను ‘భాయి’ అనేవారు. ఇద్దరిదీ అరకొర హిందీయే అయినా ఒకరి ఇంటి సంగతులు ఒకరికి తెలియనివి ఉండేవి కావు.

దాయి పెట్టె మూతకు లోపలివైపు బీరేంద్ర రాజు, ఐశ్వర్య రాణి ఫోటో అతికించి ఉండేది. 2001 జూన్ 1 రాత్రి నారాయణహితి రాజభవనంలో వాళ్లిద్దరూ, కుటుంబంలో మరికొందరూ తుపాకి గుళ్లకు బలయ్యారు. కన్నతండ్రి పోయినట్టు ఆ వారం గుండు చేయించుకున్నానని దాయి చెప్పారు. రాజంటే విష్ణువు అంశ అని చిన్ననాటి నుంచి నమ్మిన మనిషి. అన్న తర్వాత గద్దెనెక్కిన జ్ఞానేంద్ర ఫోటో మాత్రం ఆ పెట్టెలోకి రాలేదు.

2005 ఫిబ్రవరి 1న జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని రద్దు చేసి అధికారమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. నాయకులను నిర్బంధించి, దేశమంతా ఫోన్లు కోయించాడు. ఆ సాయంత్రం మా క్యాంపు బయట టెలిఫోన్ బూత్ దగ్గర చూసింది ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. నేపాలీలు కార్డులు గీకి, పొడవాటి నెంబర్లు నొక్కి, రిసీవర్ చెవికి ఆనించుకుని ఊపిరి బిగబట్టి నిలబడేవారు. అటునుంచి ఏ చప్పుడూ లేదు. పెట్టేసి మళ్లీ వరుస చివరికి వెళ్లేవారు. దాయి చిన్న కూతురికి అప్పుడు జ్వరం. తగ్గిందో లేదో దాదాపు వారం దాకా తెలియలేదు. పని నుంచి వచ్చి బూట్లైనా విప్పకుండా బూత్‌కు వెళ్లేవారు. ఎక్కడో కోటలో ఉంటాడనుకున్న రాజు తన చెవికీ బిడ్డ గొంతుకీ మధ్య వచ్చి కూర్చున్నాడని ఆయనకు తెలిసింది ఆ వారంలోనే. దాయి మనసులో రాజు అప్పుడే పడిపోయాడని నా నమ్మకం. ఖాట్మండులో పడడానికి మరో పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ నవంబరులో రాజును ఎదిరిస్తున్న ఏడు పార్టీలూ, పదేళ్లుగా తుపాకులు పట్టిన మావోయిస్టులూ ఒక ఒప్పందానికి వచ్చారు. 2006 ఏప్రిల్ 6న రాజుకు వ్యతిరేకంగా సమ్మె మొదలైంది. నాలుగు రోజులనుకున్నది ఆగలేదు. కర్ఫ్యూ పెట్టిన కొద్దీ జనం ఖాట్మండు చుట్టూ ఉన్న 27 కిలోమీటర్ల రింగ్ రోడ్డు మీదికి వచ్చారు. రాత్రి భోజనాల వేళ మా గదిలో బీబీసీ నేపాలీ వార్తలు. రేడియో యాంటెన్నాకు రాగి తీగ చుట్టి కిటికీ ఊచకు కట్టేవాళ్లు. నాకు భాష రాదు, వాళ్ల ముఖాలే నాకు వార్తలు. రింగ్ రోడ్డు మీది కలంకీలో కాల్పులు జరిగిన రోజు ఎవరూ అన్నం ముట్టలేదు. ఆ కొన్ని రోజుల్లో ఇరవై మందికి పైగా చనిపోయారు.

దాయి ముఖం మారింది మాత్రం ఇంకో వార్తకు. ప్రభుత్వ ఉద్యోగులు, బ్యాంకుల వాళ్లు కూడా పని మానేసి వీధిలోకి వచ్చారన్నారు. “గుమాస్తా కలం కింద పెట్టేశాడు భాయి. ఇక రాజు ఆజ్ఞలు ఎవరితో రాయిస్తాడు?” అన్నారు. విప్లవం గురించి తర్వాత ఎన్నో చదివాను కానీ, నాకు దాని లెక్క తెలిసింది ఆ మాటతోనే.

ఏప్రిల్ 21న రాజు దిగివచ్చి ప్రధానిని మీరే ఎంచుకోండన్నాడు. పార్టీలు ఒప్పుకుంటాయేమోనని దాయి రాత్రంతా దొర్లారు. 1990లోనూ ఇలాగే పార్లమెంటు వచ్చింది, కిరీటం మిగిలింది. అందుకే ఈసారి వాళ్లకు కావలసింది కొత్త రాజ్యాంగం రాసే రాజ్యాంగ సభ. పార్టీలు ఒప్పుకోలేదు. 24 రాత్రి, పందొమ్మిదో రోజున, రద్దయిన పార్లమెంటును రాజు తిరిగి ఇచ్చేశాడు. క్యాంపులో పళ్లాలు మోగించారు. తెల్లవారి నాలుగున్నరకు బస్సు వస్తే అందరం ఎక్కాం.

ఆ బస్సులోనే దాయి అడిగారు, “మీ ఊళ్ల రాజులు ఎలా పోయారు?” అని. మా వైపు రాజులంటే జమీందార్లు. మా మామ్మ చెప్పిన మందస కథ చెప్పాను. 1940లో రైతులు జమీందారు అడవిలో కట్టెలు కొట్టి బళ్లకెత్తారు. పట్టుకోవడానికి వచ్చిన పోలీసులకు గుడారి రాజమణిపురంలో అడ్డం నిలబడింది సాసుమాన గున్నమ్మ, నిండు చూలాలు. ఏప్రిల్ 1న కాల్చేశారు. జమీందారీల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు. “ఆమె పేరు మీవాళ్లకు గుర్తుందా?” అన్నారు దాయి. ఉద్దానంలో గున్నమ్మ పేరు తెలియని ఇల్లు ఉండదన్నాను. ఆయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నారు.

రాజు ముందుగా మాటల్లోంచి పోవడం చూశాను. 2006 మే 18 దాకా నేపాల్ ప్రభుత్వం పేరు ‘శ్రీ 5 కో సర్కార్’. రాజు పేరు ముందు ఐదు శ్రీలు. ఆ రోజు నుంచి ‘నేపాల్ సర్కార్’. తర్వాత 2008 మే 28న రాజ్యాంగ సభ అనుకూలంగా 560, వ్యతిరేకంగా 4 ఓట్లతో రాచరికాన్నే రద్దు చేసింది. ఆ దసరాకు సెలవు మీద వెళ్లివచ్చిన దాయి కొత్త నోటు తెచ్చారు. రాజు బొమ్మ ఉండే చోట ఎవరెస్టు. వాటర్‌మార్కులో అప్పటికే ఉన్న రాజు ముఖం మీద వాళ్ల జాతీయ పుష్పం గురాన్స్ పువ్వు అచ్చువేశారు. ట్యూబులైటుకు అడ్డం పెడితే పువ్వు వెనక కిరీటం నీడ లీలగా కనిపించింది. దాయి ఆ నోటును చాలాసేపు అలాగే పట్టుకున్నారు. పెట్టెలో బీరేంద్ర ఫోటో మాత్రం తీయలేదు.

నేను కవిటి వచ్చేశాను, దాయి చిత్వన్‌లో ఉన్నారు. ఆ జ్వరం పిల్ల ఇప్పుడు దుబాయ్‌లో పనిచేస్తోంది. 2025 సెప్టెంబరులో నేపాల్ ప్రభుత్వం వాట్సాప్‌తో సహా సామాజిక మాధ్యమాలను ఆపేసినప్పుడు దాయి నాకు మామూలు ఫోను చేశారు. యువకులు రోడ్డెక్కారని, కాల్పుల్లో పిల్లలు పోయారని చెప్పారు. “ఈసారి కోటలో రాజు లేడు భాయి. మేం ఓటేసిన వాళ్లే,” అన్నారు. గొంతు ఆ బూత్ దగ్గరి గొంతే. మూడు రోజులుగా కూతురి మాట వినలేదట.

మర్నాటి రాత్రి మళ్లీ చేశారు. అమ్మాయి మాట్లాడిందట.