జేఆర్ఎఫ్ వచ్చింది: నన్ను నిలబెట్టిన బోరాన్ ప్రశ్న

ఫ్రెండ్స్, మూడో ప్రయత్నంలో ఫిజికల్ సైన్సెస్ జేఆర్ఎఫ్ (నెట్ పరీక్ష రాస్తే పీహెచ్‌డీకి వచ్చే ఫెలోషిప్) కొట్టాను. అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేసి ఏడ్చేసింది, ఇక్కడ బెంగళూరు మత్తికెరెలో పీజీ హాస్టల్ గదిలో నేనూ ఏడ్చాను. పేపర్ ప్యాటర్న్, కటాఫ్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. పోయినేడాది పోగొట్టుకున్న ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూ గురించే చెప్పాలి.

గేట్ స్కోర్ మీద పిలుపు వచ్చింది. సాలిడ్ స్టేట్ (ఘనపదార్థాల ఫిజిక్స్) నా బలం అని నేనే చెప్పాను. "క్రిస్టల్‌లో ఐదు మడతల సిమెట్రీ కుదరదు కదా, మరి బోరాన్‌లో పన్నెండు పరమాణువుల ఐకోసహెడ్రన్లు ఎలా ఇమిడాయి?" అని అడిగారు. ఐదు మడతల సిమెట్రీ అంటే చుట్టులో ఐదో వంతు తిప్పినా అలాగే కనబడటం, ఐకోసహెడ్రన్ అంటే పన్నెండు మూలల బొమ్మ, మూలకో పరమాణువు. 1982లో షెక్ట్‌మన్ అనే శాస్త్రవేత్త చూసిన క్వాసీక్రిస్టల్ (క్రమం ఉన్నా ఒకే అమరిక మళ్లీ మళ్లీ రాని ఘనపదార్థం) గుర్తొచ్చి, బోరాన్ కూడా అదే అన్నాను. తప్పు. తర్వాత, ఆల్ఫా బోరాన్ బీటాగా (రెండూ బోరాన్ క్రిస్టల్ రూపాలే) మారేటప్పుడు పరమాణువులు ఎటు కదులుతాయన్నారు. నోరు పెగల్లేదు. పది నిమిషాల్లో బయటికొచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పాత శుభలేఖలు కత్తిరించి ఏడు ఐకోసహెడ్రన్లు అతికించాను, ఒక్కోదానికి ఇరవై త్రిభుజాలు. మూల వైపు నుంచి చూస్తే ఐదు, త్రిభుజం వైపు నుంచి చూస్తే మూడు. ఆ మూడు మడతల అక్షం నిలువుగా ఉండేలా బల్ల మీద పెట్టి, ఒకదాని చుట్టూ ఆరు చేరిస్తే పొర వచ్చేసింది! క్రిస్టల్‌కి కావాల్సింది ఆ మూడే. ఐదు మడతల సిమెట్రీ బొమ్మ లోపలే ఉండిపోతుంది, లాటిస్‌కి (క్రిస్టల్‌లో మళ్లీ మళ్లీ వచ్చే అల్లికకి) దాంతో పని లేదు, అందుకే అసలు బోరాన్‌లో ఐకోసహెడ్రన్ ఆకారం కాస్త చెదిరి ఉంటుంది. ఆల్ఫా రాంబోహెడ్రల్ సెల్‌కి (ఆ అల్లికలో ఒక గడికి) ఒకటే ఐకోసహెడ్రన్, 12 పరమాణువులు. బీటాకి దాదాపు 106, అందులో కొన్ని స్థానాలు సగం సగమే నిండి ఉంటాయి.

ఇక్కడే నాకు ఫేజ్ ట్రాన్సిషన్ (పదార్థం ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారడం) నిజంగా అర్థమైంది. బేరియం టైటనేట్‌లో 120 డిగ్రీల దగ్గర టైటానియం ఆంగ్‌స్ట్రామ్‌లో (మీటరులో వెయ్యి కోట్ల వంతులో) పదో వంతు జరిగితే చాలు, ఏ బంధమూ తెగక్కర్లేదు. ఆల్ఫా నుంచి బీటాకి అలా జరిగి వెళ్లలేం, బంధాలు తెగి కొత్తవి కట్టుకోవాలి, అందుకే అంత వేడి కావాలి. ఒత్తిడి పెంచితే ఇంకో దారి: 2009లో ప్రకటించిన గామా బోరాన్‌లో సెల్‌కి 28 పరమాణువులు, ఐకోసహెడ్రన్లూ జంట పరమాణువులూ ఉప్పులో సోడియం, క్లోరిన్‌లలా ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి. బుల్లెట్ ప్రూఫ్ పలకల్లో వాడే బోరాన్ కార్బైడ్‌లోనూ ఐకోసహెడ్రన్లే, దాని మీద గట్టి దెబ్బ పడితే కొన్ని నానోమీటర్ల వెడల్పు చారల్లో వాటి అమరికే చెదిరిపోతుంది. ఈ సంగతి 2003లో బయటపడింది.

మదనపల్లె రూమ్మేట్ "సిలబస్‌లో లేని బోరాన్‌కి నెల రోజులా మామా?" అన్నాడు. వాడే కాదు, చాలామంది అన్నారు. టైమ్ వేస్ట్ చేయలేదు, ఇది గట్టిగానే చెప్తున్నా. ఆ నెల తర్వాత సిమెట్రీ, ఫోనాన్లు (క్రిస్టల్ కంపనాలు), లాండౌ థియరీ (ఫేజ్ ట్రాన్సిషన్ల సిద్ధాంతం) వేటినీ బట్టీ పట్టాల్సి రాలేదు, పేపర్‌లో కష్టమైన పార్ట్ సిలో ఆ ప్రశ్నలు వదల్లేదు. మీరూ ఏ ట్రాన్సిషన్ చదివినా, ఏ పరమాణువు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో వేలితో చూపించగలిగే దాకా పేజీ తిప్పకండి. రోజూ పొద్దున ఐదింటికి లేవండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి, టెస్ట్ సిరీస్ మార్కులు చూసి టెన్షన్ పడి రెండు రోజులు పుస్తకం మూసేయకండి, నేను అలా మూసేసి చాలా పోగొట్టుకున్నాను.

మిగతా సబ్జెక్టులు అందరిలాగే చదివాను, పాత పేపర్లు రెండుసార్లు చేశాను. వచ్చే నెల మళ్లీ ఇంటర్వ్యూలు. శుభలేఖల బొమ్మల్లో రెండు నలిగిపోయాయి, ఈ ఆదివారం కొత్తవి అతికించాలి.