మూడు ఫొటోలు

శనివారం, రాత్రి పదకొండున్నర

పొద్దున ఎనిమిదింటికి పెదనాన్న ఫోను చేశారు. "కంప్యూటర్ ఇవాళ కూడా లేవలేదమ్మా" అన్నారు, అంతే. ఐసీఎఫ్‌లో, అంటే మద్రాసు రైలు పెట్టెల కర్మాగారంలో, ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెల మధ్య పనిచేసిన మనిషి ఆయన. ఏ యంత్రం ఆగినా ముందు దాని ఎదుట కూర్చుని చూస్తారు, తర్వాతే మాట్లాడతారు. అలాంటి గొంతులో కంగారు వినిపించేసరికి నాకు కాళ్లు ఆడలేదు. ఆ కంప్యూటర్‌లో మా నాయనమ్మ ఉత్తరాలు ఉన్నాయి.

1970ల్లో నాయనమ్మ నెల్లూరు జిల్లాలోని మా ఊరి నుంచి మద్రాసులో ఉన్న పెదనాన్నకు రాసిన ఇన్‌లాండ్ కవర్లు అవి. 2015 డిసెంబరు వరదల్లో వాళ్ల కింది వాటాలోకి నీళ్లు వచ్చి, ట్రంకుపెట్టె అడుగున ఉన్న కట్ట మొత్తం నానిపోయింది. ఆరబెట్టిన కాగితాల మీద సిరా నెలనెలా వెలిసిపోతుంటే, పెదనాన్న భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే టైపు చేయడం మొదలుపెట్టారు. ఉత్తరానికో ఫైలు, ఫైలుకు తేదీయే పేరు. ఇప్పుడు ఆ కాగితాల్లో సగానికి పైగా చదవడానికి రావు. ఇంకో చోట నకలు తీసి ఉంచలేదు. అది నేను చేయాల్సిన పని.

బుధవారం నుంచి అది ఆన్ చేయగానే సగం దూరం వెళ్లి దానంతట అదే మళ్లీ మొదటికొస్తోందట. హార్డ్ డిస్కు పోయిందేమో అనుకున్నాను. దాన్ని కదపకుండా లైవ్ డీవీడీతో, అంటే హార్డ్ డిస్కు అక్కర్లేకుండా తానే నడిచే సిస్టమ్ ఉన్న డీవీడీతో, బూట్ చేసి (యంత్రాన్ని లేపి), ఫైళ్లు పెన్ డ్రైవులోకి తీసుకుందామని నా ఆలోచన. 2008లో కొన్న యంత్రం, ఆన్ చేయగానే ముందు నడిచే దాని బయోస్ పెన్ డ్రైవు నుంచి బూట్ చేయదు. డీవీడీ ఒక్కటే దారి. ఖాళీ డీవీడీల కోసం ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. ఒకప్పుడు ఆ సందులో అడుగడుగునా డిస్కుల గుట్టలు ఉండేవి. ఇవాళ నాలుగు కొట్లు తిరిగితే, అయిదో కొట్టాయన నిచ్చెన వేసుకుని అటక మీది నుంచి దుమ్ము పట్టిన డబ్బా దించాడు. అయిదు డిస్కులు తీసుకుని, సెంట్రల్‌లో లోకల్ రైలెక్కి విల్లివాక్కంలో దిగాను.

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ లైవ్ ఐఎస్ఓ ఫైలు, అంటే డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా చేసిన నకలు, రాత్రే దించుకున్నాను. డిస్కు మీద రాసేముందు దాని చెక్‌సమ్ సరిచూశాను. ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు అది, ఫైలు కాస్త మారినా గుర్తు మారిపోతుంది. 64 అక్షరాల వరుస, వాళ్ల సైట్లో ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా కలిసింది. 16ఎక్స్ వేగంతో రాయగలిగే డిస్కే అయినా 4ఎక్స్ వేగంతోనే రాశాను. పాత డ్రైవులు తాపీగా రాసిన డిస్కును సులువుగా చదువుతాయని నా అనుభవం.

పెదనాన్న కంప్యూటర్‌లో పెట్టగానే మెనూ వచ్చింది. ఎంటర్ నొక్కాను. తెల్లని వరుసలు జలజలా పైకి పాకాయి. ఎంత పాత యంత్రమైనా ఆ వరుసలు కదులుతున్నంతసేపు నాకు ధైర్యంగా ఉంటుంది. ఉన్నట్టుండి ఆగిపోయాయి. కెర్నెల్ ప్యానిక్, అంటే సిస్టమ్ గుండెకాయే ఇక నడవలేనని ఆగిపోవడం. కీబోర్డు మీది రెండు దీపాలు టకటకా మిణుకుమన్నాయి.

తెరను ఫోనుతో ఫొటో తీసుకున్నాను. తప్పు మొదట డిస్కుదేనని అనుకున్నాను. అదే డిస్కును నా ల్యాప్‌టాప్‌కు తగిలించిన బయటి డ్రైవులో పెడితే, రెండు నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చేసింది. అంటే డిస్కు బాగుంది. పోనీ, పెదనాన్న డ్రైవు కళ్లు మసకబారాయా? మెత్తని గుడ్డతో డిస్కును మధ్య నుంచి అంచుకు తుడిచి మళ్లీ పెట్టాను. ఈసారి ఇంకొంచెం ముందుకు వెళ్లి, కుదించిన డేటా విప్పడం కుదరలేదు, అది పాడై ఉండవచ్చు అన్న మాట వరుసగా పదిసార్లు చూపించి నిలిచిపోయింది. రెండో ఫొటో.

ఈ మాట నన్ను తప్పుదారి పట్టించింది. లైవ్ డిస్కులో సిస్టమ్ అంతా కుదించిన ఒకే మూట. స్క్వాష్‌ఎఫ్ఎస్ అంటారు. ఆ మూటలో డేటా దిమ్మలు దిమ్మలుగా, మామూలుగా 128 కిలోబైట్లకు ఒకటి చొప్పున ఉంటుంది. దిమ్మలో ఒక్క బిట్టు తారుమారైతే చాలు, విప్పడం కుదరదు. కానీ ఆ బిట్టు తారుమారైంది డిస్కు మీదా, చదివేటప్పుడా, చదివి లోపల పెట్టుకున్న తర్వాతా అన్నది ఆ వాక్యం చెప్పదు. డ్రైవు చదవలేకపోతే దాని పేరుతో వేరే ఫిర్యాదు వస్తుంది. అది తెర మీద ఎక్కడా లేదు. లేదన్న సంగతిని నేను పట్టించుకోలేదు.

వీడియో కార్డు పేచీ కావచ్చని, మెనూలో నోమోడ్‌సెట్ (వీడియో కార్డు జోలికి పోవద్దని చెప్పే మాట) అని చేర్చి మూడోసారి ప్రయత్నించాను. మూడోసారీ ఆగింది. మూడో ఫొటో.

అప్పటికి రెండు కావొస్తోంది. "ముందు నాలుగు మెతుకులు తిను తల్లీ, అది ఎక్కడికీ పోదు" అని పెద్దమ్మ పీట వేసింది. గోంగూర పచ్చడి, పప్పుచారు. పెదనాన్న ఎడమచేత్తో నా ఫోను పట్టుకుని ఆ మూడు ఫొటోలను ముందుకూ వెనక్కూ జరుపుతూ తింటున్నారు. ఇంగ్లీషు వరుసల్లో ఏముందో ఆయన చదవడం లేదు, అవి ఎక్కడ ఆగాయో చూస్తున్నారు.

"ఏమ్మా, మూడుసార్లూ నువ్వు పెట్టింది ఒకటే డిస్కు కదా?"

"అవును పెదనాన్నా."

"మరి మూడుసార్లూ మూడు చోట్ల ఆగిందే." ఫోను పక్కన పెట్టి చారు కలుపుకున్నారు. "పెట్టెను పట్టాల మీద నడిపి చూసేటప్పుడు, చప్పుడు ప్రతిసారీ ఒకే చోట వస్తే తప్పు పట్టాది. ఎక్కడపడితే అక్కడ వస్తే చక్రానిది."

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. డిస్కు పట్టా. పట్టా మీద తప్పు ఉంటే అదే దిమ్మ దగ్గర, అదే చోట ఆగాలి. ఆగే చోటు మారుతోందంటే తప్పు యంత్రంతోపాటు తిరుగుతోంది. ఇంకొక మాట కూడా అప్పుడే తట్టింది. హార్డ్ డిస్కులోని సిస్టమ్ వేరు, డీవీడీలోని సిస్టమ్ వేరు. రెండూ పడిపోతున్నాయంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి. పైగా లైవ్ సిస్టమ్ డీవీడీ మీద ఏమీ రాయదు, మార్పులన్నీ ర్యామ్‌లోనే, అంటే యంత్రం నడుస్తున్నంతసేపు వాడుకునే మెమరీలోనే, పెట్టుకుంటుంది.

చేయి కడుక్కుని వచ్చి, డిస్కు మెనూలోనే ఉన్న మెమరీ పరీక్ష నడిపాను. మెమ్‌టెస్ట్ నీలం తెర. అది ర్యామ్‌లోని గడి గడిలో ఒక విలువ రాసి, మళ్లీ చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. ఆరు నిమిషాలు ఏమీ లేదు. ఏడో నిమిషంలో ఒక ఎర్ర వరుస. తర్వాత తెర అడుగంతా ఎరుపే. పెదనాన్న కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "దొరికింది" అని ఆయనే అన్నారు.

ప్లగ్గు పీకి, మూత విప్పాం. డీడీఆర్2 ర్యామ్ కడ్డీలు రెండు, ఒక్కొక్కటి 1 జీబీ. రెండూ తీసి, బంగారు రంగు పళ్లను పెదనాన్న పెన్సిలు రబ్బరుతో ఒకే దిక్కుగా మెల్లగా రుద్దారు, పళ్ల మధ్య రబ్బరు పొడి లేకుండా ఊదారు. మొదటి కడ్డీని ఒంటరిగా పెట్టి పరీక్షిస్తే మళ్లీ ఎరుపు. సరిగ్గా అదే గూట్లో రెండోది పెట్టాం. కడ్డీ మారింది, గూడు మారలేదు. గంటకు పైగా నడిచి, ఒక చుట్టు పూర్తయింది. ఒక్క తప్పు లేదు.

ఇక్కడ ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. రిచీ స్ట్రీట్‌లో ఉన్నప్పుడు, హార్డ్ డిస్కు ఊడదీసి నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించే కేబుల్ కొందామా అని ఆలోచించి మానేశాను. ఫైళ్ల వరకు అదే దగ్గర దారి. కొని ఉంటే ఉత్తరాలు గంటలో చేతికొచ్చేవి, కానీ చెడ్డ ర్యామ్ ఆ యంత్రంలోనే ఉండిపోయేది. అది యంత్రాన్ని ఆపేయడం ఒక రకంగా నయం. ఆపకుండా, పెదనాన్న కొత్తగా టైపు చేసిన ఉత్తరంలో అక్షరాలు మార్చి దాచిపెట్టి ఉంటే, ఎవరు పోల్చగలిగేవారు? పోల్చడానికి కాగితాల మీద సిరానే మిగలడం లేదు.

1 జీబీతోనే నాలుగోసారి డీవీడీ పెట్టాం. తక్కువ ర్యామ్‌తో నడిచే ఎల్‌ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ ఉన్న రకమే తెచ్చాను కాబట్టి సరిపోయింది. బొటాబొటిగా, నత్తనడకన లేచింది, కానీ లేచింది. హార్డ్ డిస్కును చదవడానికి మాత్రమే తెరిచి, 187 ఫైళ్లను పెన్ డ్రైవులోకి కాపీ చేశాను. రెండు వైపులా చెక్‌సమ్‌లు తీసి కలిపి చూశాను. అన్నీ కలిశాయి. తర్వాత పెన్ డ్రైవు నుంచి నా ల్యాప్‌టాప్‌లోకి ఇంకో నకలు.

చెక్‌సమ్‌లు కలవడం వేరు, అక్షరాలు కళ్లతో చూడడం వేరు. ఒక ఫైలు తెరిచాను. 1974 జనవరి. "మన ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. నుదుట చుక్క ఉంది. జున్ను పాలు చేతిలోకి తీసుకున్నప్పుడు నువ్వే కళ్లలో మెదిలావు. సంక్రాంతికి సెలవు దొరక్కపోతే బాధపడకు, పొట్టకూటి పని ముఖ్యం." పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. పెదనాన్న అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ సంక్రాంతికి వెళ్లలేదు" అన్నారు.

డీవీడీ తీసి మామూలుగా ఆన్ చేస్తే, హార్డ్ డిస్కును ఒకసారి తనిఖీ చేసుకుని పాత సిస్టమ్ కూడా లేచింది. ఆయన వెంటనే వెళ్లి కూర్చున్నారు, మంగళవారం సగంలో ఆగిన ఉత్తరం పూర్తి చేయాలట. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ ఇంకో ర్యామ్ కడ్డీ తేవాలి, డీడీఆర్2దే. డీడీఆర్3కి కూడా పళ్లు 240 ఉంటాయి కానీ గాటు వేరే చోట ఉంటుంది, పట్టదు.

నేను బయలుదేరేటప్పటికి పెదనాన్న చెడిన కడ్డీని ఒక పాత కవరులో పెట్టి, అంచు మడిచి, పైన ఇవాళ్టి తేదీ, "పనికిరాదు, వాడరాదు" అని ఎర్ర పెన్నుతో రాసి, దారం కట్టి, కంప్యూటర్ బల్ల సొరుగులో పెట్టారు.