63 నిండాక బండి లైసెన్సు: నా అనుభవం

"నేను దింపుతాను కదమ్మా" అని మా అబ్బాయి ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. మంచి మనసుతోనే అంటాడు. బీసెంట్ రోడ్డుకైనా, కొండ మీద అమ్మవారి దర్శనానికైనా దింపుతాడు, మళ్ళీ వచ్చి తీసుకువెళ్తాడు. వాడికి కుదరకపోతే విజయవాడలో ఆటోలకు కొదవ లేదు. అయితే ఒకరు దింపితే వెళ్ళే మనిషికి దారి మధ్యలో మనసు మార్చుకునే వీలుండదు. ఆ మలుపు అవతల ఏముందో చూడాలనిపిస్తే బండి తిప్పమని ఎవరిని అడుగుతాం? నాకు కావలసింది ఆ ఒక్కటే. అందుకే గత నవంబరులో, 63 నిండిన నెలలోనే, గేర్లు లేని బండికి లైసెన్సు తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

చక్రాలు నాకు కొత్త కాదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో 11వ ఏట అన్నయ్య సైకిలు నేర్చుకున్నాను. సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కేదాన్ని. పెద్దమనిషినయ్యాక అమ్మ సైకిలు తాళం దాచేసింది. పెళ్ళయ్యాక 28 ఏళ్ళు మావారి చేతక్ స్కూటరు వెనక ఒకవైపుకు తిరిగి కూర్చుని, ఒళ్ళో పిల్ల, చేతిలో కూరల సంచితో ఊరంతా తిరిగాను. ఈ ఊళ్ళో నాకు తెలియని దారి లేదు, కానీ అన్నీ ఆయన భుజం పక్క నుంచి చూసిన దారులే.

ఆయన పోయిన రెండేళ్ళకు ఒంటరిగా కాశీకి రైలెక్కి తొమ్మిది రాత్రులు నిద్ర చేసి వచ్చాను. ఆ మరుసటి ఏడాది గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు నడిచే ఎక్కాను. చెప్పకుండా వెళ్ళానని మా అమ్మాయి నెల రోజులు మాట్లాడలేదు. చెబితే వెళ్ళనిచ్చేవారా?

దరఖాస్తు ఆన్‌లైనులోనే. ఆధార్ నంబరు, ఫోటో, రుసుము, స్లాటు అన్నీ మా మనవరాలి పక్కన కూర్చుని నా చేత్తో నేనే పూర్తి చేశాను. ఏజెంటు ద్వారా వెళ్తే సులువని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను వెళ్ళలేదు. 40 దాటినవారికి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కూడా కావాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని అందులో ఉంటుంది. మా డాక్టరుగారు నన్ను వసారాలోకి తీసుకువెళ్ళి వీధి చివర ఆగి ఉన్న కారు చూపించారు. నంబరు చదివాను. "ఇక ఆ పక్కది" అన్నారు. అదీ చదివాను.

ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకోవడానికి ముందుగా ఇచ్చే లైసెన్సు; దాని పరీక్ష కంప్యూటరు మీద, తెలుగులోనే రాశాను. గుర్తులు చదువుతుంటే ఆశ్చర్యం వేసింది. ఒక అడ్డగీత ఉంటే అక్కడ బండి నిలిపి ఉంచకూడదు, గీతలు రెండై ఒకదాన్నొకటి కోస్తే అసలు ఆపనే కూడదు. ఇన్నేళ్ళు వాటి పక్క నుంచే తిరిగాను, ఒక్కనాడూ పట్టించుకోలేదు.

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు నిండాకే అసలు పరీక్షకు వెళ్ళాలి. ఆ నెలంతా తెల్లవారుజామున సత్యనారాయణపురంలో బీఆర్‌టీఎస్ రోడ్డు మీద నేర్చుకున్నాను. ఒకప్పుడు అక్కడ రైలు పట్టాలు ఉండేవి. గేటు పడితే మావారు స్కూటరు ఆపి ఓపికగా నిలబడేవారు. ఇప్పుడు అదే చోట నేను ముందు, లైసెన్సున్న మనవరాలు వెనక. కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టి, పమిట చుట్టి పిన్ను పెట్టి, హెల్మెట్ పెట్టుకునేదాన్ని. "కింద చూడకు నాన్నమ్మా, ఎటు వెళ్ళాలో అటు చూడు" అని దాని గొడవ.

డిసెంబరు చివర పరీక్ష. ట్రాకు మీద ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి, కాలు నేలకు ఆనకూడదు. మొదటి సున్నా బాగానే తిరిగాను. రెండు సున్నాలూ కలిసే చోట ముందు చక్రం వంక చూశాను. బండి ఒరిగింది, ఎడమ కాలు ఆనింది. అంతే. పరీక్ష పెట్టే బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు "ఏడు రోజులయ్యాక మళ్ళీ రండమ్మా" అన్నారు. ఇంటికి వచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

అది ధనుర్మాసం. మర్నాడు చీకటితోనే లేచి వాకిట్లో మెలికల ముగ్గు వేస్తున్నాను. ఒక చుక్కను చుట్టి ఇంకో చుక్క వైపు గీత లాగుతుండగా చెయ్యి ఆగిపోయింది. ముగ్గు వేసేటప్పుడు వేళ్ళ కింద రాలే పిండిని ఎవరూ చూడరు. గీత తిరగవలసిన అవతలి చుక్కనే చూస్తారు. మనవరాలు నెల రోజులుగా మొత్తుకున్నది ఇదే! 50 ఏళ్ళుగా నా చేతికి తెలిసిన సంగతి కంటికి తెలియలేదు. వెంటనే గుప్పెడు పిండి తీసుకుని వీధిలో పెద్ద ఎనిమిది గీశాను. ఒక్కో సున్నా నడిమధ్యలో ఒక్కో ఇటుక పెట్టాను, అవే నా చుక్కలు. వీధి లేవకముందే బండి తీసి ఆ ముగ్గు మీద తిరిగాను. రోజూ గీస్తూ, చక్రాలు చెరిపేస్తే మళ్ళీ గీస్తూ, ఆరు రోజులు. మా అబ్బాయి రెండు రోజులు కిటికీలోంచి చూశాడు. మూడో రోజు మాట్లాడకుండా వచ్చి ఇటుకలు సర్ది పెట్టాడు.

రెండోసారి కాలు ఆనలేదు.

55 దాటిన వారికి లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తారు. మనవరాలికి మాత్రం 40 ఏళ్ళు వచ్చేదాకా ఉంది. 68 ఏళ్ళప్పుడు నేను మళ్ళీ వెళ్ళాలి, వెళ్తాను.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం పొద్దున్నే ఒక్కదాన్నే బయలుదేరాను. ప్రకాశం బ్యారేజీ మీద ఎడమ పక్కనే, నెమ్మదిగా, 70 గేట్లూ దాటాను. పొగమంచులో కృష్ణ సరిగా కనబడలేదు, నీటి వాసన మాత్రం తెలిసింది. ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభస్వామిని చూసి వస్తానని ఇంట్లో చెప్పాను. గుహలు వచ్చాయి. రోడ్డు ఇంకా ముందుకు పోతోంది, రెండు వైపులా అరటి తోటలు. బండి ఆపలేదు.

ఒక తోట గట్టున జామకాయలు అమ్ముతున్న ఆవిడ దగ్గర ఆగి కిలో తీసుకుంటుంటే ఫోను మోగింది.

"గుహలు చూశావా అమ్మా?"

"లేదు నాన్నా. పెనుమాకలో ఉన్నాను."